పోగు తెగిన చప్పుడు

ఆయన పోయిన సంగతి నాకు ముందు ఫొటోగా వచ్చింది. రోడ్డు పక్క కంకర మీద పడి ఉన్న పెద్ద నల్ల హెడ్‌ఫోను, దాని కింద తమిళంలో రెండు వాక్యాలు. చెవులకు పాటలు తగిలించుకుని రోడ్డు మీద నడిచేవాళ్ళకు ఇదే గతి, మీ పిల్లలకు తప్పక చూపించండి అని. తిరుత్తణి అవతల రోడ్డు పనికి వచ్చిన టిప్పరు వెనక్కి వస్తూ ఒక మనిషిని తొక్కేసిందనీ, ఆ మనిషి నా హెడ్‌ఫోన్లు బాగుచేసే ఆయనేననీ మరో అరగంటకు తెలిసింది. సాయంత్రంలోపు ఆ ఫొటో నాకు ఐదు గ్రూపుల్లోంచి వచ్చింది. మా వీధి గ్రూపులో ఒకాయన దాని కింద దండం పెట్టే చేతుల బొమ్మ వేసి, మరుక్షణమే తన మనవరాలి పుట్టినరోజు కేకు ఫొటో పెట్టాడు.

నేను ఆ ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి చూశాను. హెడ్‌ఫోను వైరు ఎనిమిది అంకెలాగా చుట్టి, నడుమున రబ్బరు బ్యాండు వేసి ఉంది. పిన్ను కొస బయటికి కనిపిస్తోంది. అది దేనికీ గుచ్చి లేదు. వినడం అయిపోయాకే ఆయన వైరును అట్లా చుట్టేవాడు. చుట్టకుండా ఏ సెట్టునూ కింద పెట్టేవాడు కాదు. అంటే ఆ సమయంలో ఆయన ఏమీ వినడం లేదు. ఈ ఒక్క ముక్క ఆ ఐదు గ్రూపుల్లోనూ రాసి అందరి నోళ్ళూ మూయించవచ్చు. నాకు నోరెక్కువని మా ఇంట్లో పేరు. ఆ రోజు మాత్రం ఒక్క అక్షరం టైపు చేయలేకపోయాను. ఎందుకు చేయలేకపోయానో నాకు తెలుసు.

నా పని విని రాయడం. ఎవరెవరో ఎక్కడెక్కడో మాట్లాడిన రికార్డింగులు నాకు వస్తాయి. మీటింగులు, ఇంటర్వ్యూలు, గట్టు మీద నిలబడి రైతులు చెప్పుకున్న కష్టాలు. తెలుగువి తెలుగులో, తమిళానివి తమిళంలో టైపు చేసి పంపుతాను. తిరువళ్ళూరులో ఇంట్లో కూర్చునే చేస్తాను. వైర్లెస్ సెట్లు ఈ పనికి పనికిరావు. మాట్లాడే మనిషి కాసేపు ఆగి మళ్ళీ మొదలుపెడితే అవి మొదటి అక్షరాన్ని మింగేస్తాయి. అందుకని చెవిని మొత్తం మూసే పెద్ద వైరు హెడ్‌ఫోన్లే వాడతాను. చవకవి కొంటే ఆరు నెలలకల్లా మెత్తల మీది నల్ల తోలు పొరలు పొరలుగా ఊడి బుగ్గలకు అంటుకుంటుంది. కాటుక కళ్ళకు పెట్టుకుంటారు గానీ చెవులకెందుకే అని మా అత్తగారు ఎగతాళి చేసేది. ఆ ఎగతాళి పడలేకే నేను ఆయన దగ్గరికి వెళ్ళాను.

స్టేషన్ దగ్గరి సందులో సెల్‌ఫోన్ల కొట్టు ఒకటి ఉంది. దాని మూలన ఒక బల్ల ఆయనది. రోజూ పొద్దున తిరుత్తణి నుంచి రైల్లో వచ్చి, ఆ బల్ల ముందు కూర్చుని హెడ్‌ఫోన్లు బాగుచేసేవాడు. పని పేరుకి రిపేరే గానీ జనం వచ్చేది ఆయన మాట కోసం. గేములాడే కుర్రాళ్ళు, ఆన్‌లైను క్లాసుల పిల్లల తల్లులు, పెళ్ళిళ్ళకు మైకులు కట్టేవాళ్ళు, తిరునిన్రవూరు నుంచీ అరక్కోణం నుంచీ కూడా వచ్చి, ఏ సెట్టు కొనాలన్నా ముందు ఆయన చెవికి పెట్టించేవాళ్ళు. సన్నగా, నిటారుగా ఉండే మనిషి. చొక్కాకి మెడ దగ్గరి గుండీ కూడా పెట్టుకునేవాడు. మీ పేరేమిటని నేనెప్పుడూ అడగలేదు. అన్నా అంటే పలికేవాడు, అది చాలింది.

మొదటిసారి వెళ్ళినప్పుడు నేను తళతళలాడే ఎర్ర సెట్టు ఒకటి చేతిలోకి తీసుకున్నాను.

"అది వద్దుమ్మా," అన్నాడు తలెత్తకుండానే.

"ఎందుకన్నా? బాగుందే."

"చూసేదానికి బాగుండాది. దినానికి ఎన్ని గంటలు పెట్టుకుంటావు?"

"ఏడెనిమిది."

"అట్లయితే మూడో దినమే తలకాయ నొప్పి అని నన్ను తిట్టుకుంటా వస్తావు. ఇట్లియ్యి."

పంచె పైకి లాక్కుని ఆ ఎర్ర సెట్టును తన మోకాలికి తొడిగాడు. తొడిగి, టీ తెప్పించుకుని, తీరిగ్గా తాగాడు. నాకూ ఒకటి ఇప్పించాడు. గ్లాసు ఖాళీ అయ్యాక సెట్టు తీసి మోకాలు చూపించాడు. రెండు పక్కలా ఎర్రగా రెండు గుర్తులు.

"మోకాలికే ఇట్లుంటే తలకాయకు ఎట్లుంటాది చెప్పు."

హెడ్‌ఫోను పరీక్షల్లో అది మొదటిది. రెండోది, చెవులకు పెట్టుకుని వైరును గోటితో మీటడం. వైరు చొక్కాకు రాసుకున్న ప్రతిసారీ గరగరమంటే ఆ సెట్టు పక్కకు పోయేది. మూడోది, పైపట్టీని రెండు చేతులా పట్టుకుని తడిగుడ్డ పిండినట్టు మెల్లిగా తిప్పడం. ఎక్కడన్నా కీచుమంటే, అది ఏడాదికి విరిగే చోటని వేలుపెట్టి చూపించేవాడు. పిన్ను దగ్గర వైరుకు రబ్బరు తొడుగు ఉందా, మెత్తలు ఊడదీసి మార్చుకోవచ్చా, చెవి తమ్మె లోపలి గుడ్డకు తగులుతుందా, అన్నీ చూసేవాడు. ఇంత చూసే మనిషి దాని మీద రాసి ఉన్న కంపెనీ పేరు మాత్రం చూసేవాడు కాదు.

వాళ్ళది నేతపని ఇల్లు. తండ్రి గుంట మగ్గం మీద నేసినవాడు. ఈయన పదమూడో ఏట పవర్‌లూమ్ షెడ్డులోకి వెళ్ళి ఇరవై ఏళ్ళకు పైగా అందులోనే ఉన్నాడు. ఆ తర్వాత, చిన్నప్పటి నుంచీ రేడియోలు విప్పే పిచ్చి ఉండటం వల్ల, ఈ బల్లకు వచ్చిపడ్డాడు. అందుకని సౌండు గురించి చెప్పాలన్నా ఆయన నోట నేత మాటలే వచ్చేవి. బేస్ బాగుంటే "పడుగు గట్టిగా ఉండాది" అనేవాడు. గొంతులు తేటగా లేకపోతే "పేక వదులు" అనేవాడు. గేములాడే కుర్రాళ్ళకు పడుగంటే ఏమిటో, పేకంటే ఏమిటో తెలియదు. నిలువు దారం, అడ్డ దారం అని నేనే తమిళంలో చెప్పేదాన్ని. అయినా తల ఊపుకుంటూ కొనుక్కుని వెళ్ళేవాళ్ళు.

ఇవన్నీ దాటిన సెట్టుకు అసలు పరీక్ష ఉండేది. ఆయన పాటలు పెట్టేవాడు కాదు. పాత ఫోను ఒకటి తీసి, అందులో ఉన్న పదకొండు నిమిషాల రికార్డింగు పెట్టేవాడు. అది వాళ్ళ నాన్న మగ్గం చప్పుడు. మగ్గం విప్పి కట్టెలకు ఇచ్చేసే ముందు రోజు, ఆఖరి చీర నేస్తుంటే పక్కన కూర్చుని తీసింది. అందులో మాటలు లేవు. పేక దారం మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తడం, దారాన్ని అదిమే పలక దెబ్బ, మళ్ళీ నాడె. నాలుగో నిమిషంలో పడుగులో ఒక పోగు తెగుతుంది. తెగిన రెండు దెబ్బలకు మగ్గం ఆగుతుంది. పెద్దాయన ముడి వేసుకునేంతసేపు ఏమీ ఉండదు. తర్వాత మళ్ళీ మొదలు.

"మగ్గం ఆగినాక తెలిసేది ఎవురికైనా తెలుస్తాది," అని నాకు చెప్పాడు, మాటను నొక్కే తమిళ 'దా' కలుపుతూ. "ఆగక ముందే, పోగు తెగినేది ఇనపడాల. అది ఇనిపించే సెట్టు దా సెట్టు. మా నాయనకు ఇనపడె కదా, అందుకే కదా ఆపినాడు."

నేను కళ్ళు మూసుకుని విన్నాను. మొదటిసారి దొరకలేదు. రెండోసారి, రెండు దెబ్బల మధ్య గుండుసూది నేల మీద పడ్డంత సన్నగా ఒక టిక్కు. నేను చెయ్యెత్తాను. ఆయన మొహం వెలిగిపోయింది. ఎక్కడ తెగుతుందో చెప్పకుండా అంతకు ముందు ఎవరూ దాన్ని పట్టుకోలేదట. ఆ రోజు నుంచి బల్ల దగ్గరికి ఎవరొచ్చినా, "ఈయమ్మ చెవీ నా చెవీ ఒకటే" అని పరిచయం చేసేవాడు. నా పనిలో నన్ను మెచ్చుకునే మనిషి ఉండడు. తప్పు వస్తే మెయిలు వస్తుంది, రాకపోతే ఏమీ రాదు. ఆ మాట కోసం నేను అవసరం లేకపోయినా ఆ సందులోంచి వెళ్ళేదాన్ని. ఇది దాచుకోవడం ఎందుకు?

ఒకసారి అరక్కోణం వైపు వెళ్తూ ప్లాట్‌ఫారం మీద ఆయన కనిపించాడు. మాట్లాడుతుండగా గూడ్సు బండి వచ్చింది. ఆగని బండి, నేల అదురుతోంది. నేను మాట మధ్యలో ఆపేశాను. ఆయన ఆపలేదు. గొంతు పెంచలేదు కూడా. పెదాలు కదులుతున్నాయి, నేనేమో చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వెర్రిమొహం వేశాను. బండి పోయాక నవ్వాడు.

"షెడ్డులో మేమిట్లనే మాట్లాడుకుంటా ఉంటిమి. ఈ కొసన నేను, ఆ కొసన మీ వదిన. పొద్దున లోపలికి పోతే సాయంత్రం దాకా గొంతుతో పని లేదు. నోరు చూస్తే చాలు. నువ్వు ఇందాక బండి మోతలో ఏం అంటివో చెప్పేదా? 'అయ్యో, నా బండి కూడా ఇట్లనే ఆగకుండా పోతుందేమో' అంటివి."

నిజంగానే నేను నాలో నేను అదే గొణుక్కున్నాను. ఇంటికొచ్చి అందరికీ చెప్పి నవ్వాను. ఊరంతా పెదాలతో మాట్లాడుకునే ఊరంటే ఎంత బాగుందో అనుకున్నాను. చెవులు పోతే ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదనే సంగతి నా బుర్రకు తట్టలేదు.

ఆ తర్వాత ఆయన వద్దనడం ఎక్కువైంది. పది సెట్లు పెడితే రెండు బాగున్నాయనే మనిషి, పదికి పదీ పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. పడుగు బాగుంటుంది, తలకు పట్టు బాగుంటుంది, పోగు మాత్రం తెగదు. "ఇప్పుడు వచ్చేవన్నీ ఇంతే. ముందు మాదిరి చేసేది మానేసినారు," అనేవాడు. విచిత్రమేమిటంటే దాంతో ఆయన పేరు ఇంకా పెరిగింది. అన్నీ బాగున్నాయనేవాణ్ణి మనం నమ్మం, ఏదీ బాగాలేదనేవాడికి లేచి కుర్చీ ఇస్తాం. పక్కూళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఆయన చేత వద్దనిపించుకుని, అదేదో ప్రసాదం దొరికినట్టు వెళ్ళిపోయేవాళ్ళు. కొట్టు ఓనరు ఒక్కడే గొణిగేవాడు.

నాకు అనుమానం మొదట మీటరు దగ్గర వచ్చింది. వైరు లోపల తెగిందో లేదో చూడ్డానికి మీటరు రెండు ముళ్ళూ రెండు కొసలకు ఆనిస్తారు. వైరు మంచిదైతే అది పీమంటుంది. ఒక రోజు మధ్యాహ్నం ఎవరిదో వైరుకు ముళ్ళు పెట్టాడు. మీటరు పీమంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ పీమంది. "చచ్చిపోయినాది," అని వైరు కత్తిరించి బుట్టలో పడేశాడు. బుట్ట నిండా అట్లాంటి వైర్లే ఉన్నాయి.

ఇరవై ఏళ్ళు ఆ మోతలో పనిచేసిన చెవిలో ముందు సన్నటి చప్పుళ్ళు పోతాయి. రైలు, డప్పు, మగ్గం దెబ్బ, మగవాళ్ళ గొంతు, అన్నీ వినిపిస్తూనే ఉంటాయి. అందుకే పోయిన సంగతి ఆ మనిషికి తెలియదు. నేను చెవులతో బతికేదాన్ని కనక ఇవన్నీ చదివి పెట్టుకున్నాను. పోయినదాన్ని డాక్టరు తెచ్చివ్వలేడు గానీ, మిగిలినదాన్ని కాపాడుకోవచ్చని కూడా చదివాను. పెద్ద మోతకు దూరంగా ఉంటే చాలు. ఆయనకు ఆ ముక్క చెప్పాల్సింది నేనే. ఇంకెవరికీ తెలియదు.

వారం తర్వాత వెళ్ళాను. చెప్పాలనే వెళ్ళాను. కొట్టులో ఓనరు ఉన్నాడు, అరక్కోణం నుంచి వచ్చిన ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు ఉన్నారు. ఓనరు మొహం ఎర్రగా ఉంది.

"నువ్వే చెప్పక్కా," అన్నాడు నాతో. "వచ్చినవన్నీ బాగలేదంటే యాపారం యాడ జరుగుతాది? సెట్లు పోయినాయా, ఈయన చెవులు పోయినాయా?"

కుర్రాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. గోడ మేకుకున్న తన సొంత నల్ల సెట్టు తీశాడు. అన్ని సెట్లనూ దానితోనే పోల్చి చూసేవాడు. "ఇదీ పోయిందిమ్మా," అన్నాడు. "నిన్నటి నుంచి దీంట్లో కూడా తెగడం లా. నువ్వు రొవంత ఇని చెప్పు."

పెట్టుకున్నాను. నాడె, దెబ్బ, నాడె. నాలుగో నిమిషం వచ్చింది. పోగు తెగింది. ఎప్పటిలాగే, అంతే సన్నగా, అంతే తేటగా. రెండు దెబ్బల తర్వాత మగ్గం ఆగింది. కళ్ళు తెరిస్తే ఆయన నా నోటి వంక చూస్తున్నాడు. ఆయన మనుషుల కళ్ళలోకి ఎప్పుడూ చూడడని అప్పుడు తెలిసింది.

"ఇనపడిందా?"

ఓనరు చూస్తున్నాడు, కుర్రాళ్ళు చూస్తున్నారు. వినపడిందంటే ఆయన బల్ల ఆ క్షణమే పోతుంది. అది ఒక కారణం, మంచి కారణమే. ఇంకోటి ఉంది. వినపడిందంటే, ఈయమ్మ చెవీ నా చెవీ ఒకటే అనే మాట ఇంక ఈ భూమ్మీద ఎవరూ అనరు. ఏది ముందు నన్ను పట్టుకుందో ఇప్పటికీ తేల్చుకోలేను.

"లేదన్నా," అన్నాను. "వినపడలేదు."

ఆయన భుజాలు కిందికి దిగాయి. కుర్రాళ్ళ వైపు తిరిగాడు. "చూస్తిరా? ఈయమ్మకు కూడా ఇనపడలా. ఫైల్లోనే సౌండు దిగిపోయింది. పాత ఫోను కదా. పెంచితే దొరుకుతాది."

పెంచితే దొరుకుతుందన్న మాట విన్నాక కూడా నేను నోరు తెరవలేదు. ఎవరూ లేనప్పుడు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఇంటికి వచ్చాను. రేపు అంటే పదిహేను రోజులైంది. వెళ్ళేసరికి బల్ల మీద ఇటుకంత యాంప్లిఫయరు ఒకటి ఉంది. ఆయన చెవులకు సెట్టు ఉంది. మెత్తలు చెవులను పూర్తిగా మూసి ఉన్నాయి. అయినా మూడడుగుల దూరంలో నిలబడ్డ నాకు మగ్గం వినిపిస్తోంది. ఆ మనిషి తలలోంచి వాళ్ళ నాన్న నేస్తున్నట్టే ఉంది.

"అన్నా, సౌండు తగ్గించు!"

నా నోరు చూసి నవ్వాడు. "రొవంత దా పెంచినాను."

సౌండు గుండీ చివరి దాకా తిరిగి ఉంది. నేను చెయ్యి చాచి తగ్గించబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. నాలుగో నిమిషమేమో, కళ్ళు మూసుకున్నాడు. మెత్తల్లోంచి వస్తున్న దెబ్బలు ఆగిపోయాయి. కళ్ళు తెరిచాడు. ఆ కళ్ళలో భయం ఉంది.

"మా నాయన ఆగతా ఉండాడుమ్మా. ఎందుకు ఆగతా ఉండాడో తెలీడం లా. పోగు తెగకుండా ఎవురన్నా మగ్గం ఆపతారా?"

మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. రోజుకు ఎన్నిసార్లు వింటున్నాడో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. నా అబద్ధం ఆయన చెవుల్లో ఆ సౌండుతో మోగుతోంది. నేను నిలబడి చూశాను. చూసి వచ్చేశాను. అంతే, ఆ సందులోకి మళ్ళీ వెళ్ళలేదు. సెట్టు పాడైతే ఆన్‌లైనులో తెప్పించుకున్నాను. ఒకసారి "అన్నా, చెవి డాక్టరుకు చూపించుకో" అని ఫోన్లో రాసి, అరగంట దాన్నే చూస్తూ కూర్చుని, చెరిపేసి, "బాగున్నావా అన్నా" అని పంపాను. బొటనవేలు బొమ్మ వచ్చింది. ఇంచుమించు రెండేళ్ళు అట్లా గడిచాయి.

కర్మ అయిన నాలుగు రోజులకు వాళ్ళ ఊరు వెళ్ళాను. తిరుత్తణిలో దిగి షేర్ ఆటో ఎక్కితే, ఊరు కనిపించక ముందే మోత మొదలైంది. రెండు పక్కలా షెడ్లు, ఒక్కో దాంట్లో నాలుగు, ఆరు మగ్గాలు. ఆయన ఇల్లు రెండు షెడ్ల మధ్య ఉంది. వదినను నేను చూడడం అదే మొదలు. పొట్టిగా, గట్టిగా ఉన్న మనిషి. ఆయన బల్ల దగ్గరికి వచ్చేదాన్నని చెబితే చాప వేసింది. నేను మోతకు తగ్గట్టు గొంతు పెంచి పలకరించబోయాను.

"అరవద్దమ్మా. మెల్లిగా చెప్పు. నీ నోరు చూస్తా ఉండానులే," అంది.

ఎదురుగా కూర్చుని నా పెదాల వంక చూసింది. ఆమే మొదలుపెట్టింది.

"హెడ్సెట్టు పెట్టుకోని సచ్చినాడు అంటా ఉండారు. అబద్ధం. చేతిలో పట్టుకోని ఉండె. నేను చూసినాను కదా. రోడ్డుకు ఇటుపక్క నేను, అటుపక్క ఆయన. బండి పీపీ అని కూస్తా వెనక్కి వస్తా ఉండె. అరిచినాను. గొంతు చిరిగిపోయేటట్టు అరిచినాను. తిరగలా."

కొంగుతో నోరు తుడుచుకుంది.

"పొద్దున కొట్లాడినాములే. ఒక దినమా, రెండేండ్ల నుంచి ఇదే రగడ. ఎదురుగా ఉంటే బాగుంటాడు, మాట్లాడతాడు. వెనక నుంచి పిలిస్తే పలకడు. అన్నానికి పిలిస్తే రాడు. నేనంటే లెక్క లేదు నీకు అన్నాను ఆ పొద్దున. ఆ కోపంతోనే పోయినాడు. నేను అరిస్తే ఆయనకు ఇనపడింది. నా గొంతు కాబట్టి దా తిరగలా. ఇంకెవురన్నా పిలిచింటే తిరిగేవాడు, బతికేవాడు."

ఇన్నాళ్ళూ నేను భయపడింది ఆయన చెవుల గురించి. ఈ మనిషి మీద ఇంత బరువు పడి ఉంటుందని నేను ఊహించలేదు. ఆమె చేతులు పట్టుకున్నాను.

"వదినా, ఆయనకు వినపడేది కాదు."

ఆమె కళ్ళు నా నోటి మీది నుంచి కదల్లేదు.

"సన్నటి చప్పుళ్ళు ఏవీ వినపడేవి కాదు. ఆడవాళ్ళ గొంతు, బండి పీపీ, ఏదీ కాదు. మీటరు కూసినా వినపడేది కాదు. షెడ్డులో పోయాయి చెవులు. మీరు మొహాలు చూసుకుని మాట్లాడుకునేవాళ్ళు కదా, అందుకే మీకు తెలియలేదు. ఆయనక్కూడా తెలియదు."

"అట్లయితే నా మీద కోపం కాదా?"

"కాదు వదినా."

"నా గొంతు అని కాదా?"

"కాదు. మీరు పిలిచినట్టే ఆయనకు తెలియదు."

మూడోసారి కూడా అడిగింది. నేను మూడోసారి కూడా చెప్పాను. అప్పుడు ఏడ్చింది. చావిళ్ళలో చాలా ఏడుపులు విన్నాను గానీ ఇట్లాంటిది వినలేదు, బరువు దింపుకున్న మనిషి ఏడుపు. నా రెండు చేతులూ కళ్ళకు అద్దుకుంది. "దేవుడు మాదిరి వచ్చి చెప్పినావు తల్లీ," అంది. ఆ చేతులు వెనక్కి లాక్కోవాలనిపించింది. నేను వినీ వినలేదన్నానని, దానివల్లే ఆయన సౌండు పెంచుకుంటూ పోయాడని, రెండేళ్ళ కిందటే నేను నోరు తెరిచి ఉంటే మీకు ఈ రెండేళ్ళ కొట్లాటా ఉండేది కాదని చెప్పాలి. ఆమె నా నోరు చూస్తూనే ఉంది. నేను నోరు మూసుకున్నాను.

చావింటి నుంచి వెళ్ళేటప్పుడు వస్తానని చెప్పకూడదు. ఆ ఆచారం అంత బాగా నాకు ఎప్పుడూ అక్కరకు రాలేదు. ఏమీ చెప్పకుండా లేచి, చెప్పులు వేసుకుని, సందులోకి దిగాను. పది అడుగులు వేశానో లేదో కరెంటు పోయింది. ఊళ్ళో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ ఊళ్ళో అంత నిశ్శబ్దం ఉంటుందని నేను అనుకోలేదు. ఎక్కడో పంపు దగ్గర బిందె నిండడం కూడా తెలుస్తోంది.

వెనక, గడప దగ్గరి నుంచి, వదిన పిలిచింది.

"ఏమ్మా, ఆయనకు ఇనపడదని నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

ప్రతి మాటా నాకు వినిపించింది. నేను తిరిగి చూడకుండా ఆటో దగ్గరికి నడిచాను.